తాడిపత్రి అరటి రీఫర్ (శీతల) కంటైనర్: మధ్యలో ఓడ మారేటప్పుడు జాగ్రత్తలు

తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకు చేరి ఓడెక్కే అరటి, దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవులో ఇంకో ఓడకు మారొచ్చు. అసలు చిక్కు అక్కడే.

▪ బుకింగ్‌లో ‘ప్లస్ 13.5 డిగ్రీలు’ అని రాయించండి. 13 కంటే తగ్గితే తొక్క కమిలి, కాయ సరిగా మాగదు. ఇక్కడ బాగానే కనిపిస్తుంది, మాగేసినప్పుడు బయటపడుతుంది.

▪ గాలి వెంట్ మూసి పంపొద్దు. కాయను మాగించే ఎథిలీన్ వాయువు పేరుకుంటే దారిలోనే పండుతుంది.

▪ లోపలి ఎర్రగీత దాటి పెట్టెలు పేర్చొద్దు, చల్లగాలి తిరగదు.

▪ ఓడ నుంచి కంటైనర్ దించేటప్పుడు కరెంటు ప్లగ్ తీస్తారు. యార్డులో మళ్లీ పెట్టారో లేదో షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) ఏజెంటును అదేరోజు అడగండి. తలుపు దగ్గరి పెట్టెలో డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) వేస్తే తర్వాత వాదనకు పనికొస్తుంది.

▪ చెక్క ప్యాలెట్లపై ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కను పురుగు లేకుండా శుద్ధి చేశారనే అంతర్జాతీయ గుర్తు) ఉండాలి.

▪ కంటైనర్, సీల్ నంబర్లు కాగితాలన్నిట్లో ఒకటేనా? తలుపు మూశాక ఫొటో తీసి సరిచూడండి.