గొర్రెల్లో నట్టలు: వగరు మేత ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

నట్టల (పొట్ట, పేగుల్లోని పురుగుల) మందు తాగించిన నెల తిరక్కుండానే మంద మళ్లీ నీరసించిందంటే చాలామంది మందు మారుస్తారు, డోసు పెంచుతారు, మేత వైపు మాత్రం చూడరు. టానిన్లుండే వగరు ఆకుల మేతతో నట్టలను తగ్గించొచ్చు, అది నిజమే. కానీ ఏ నట్టకు, ఏ దశలో అన్నది తెలుసుకోకుండా మొదలుపెడితే మేత ఖర్చూ దండగే, జీవమూ దక్కదు.

కళ్లు పాలిపోయాయి, దవడ కింద నీరు దిగింది, పారుడు మాత్రం లేదు

ఎక్కువసార్లు ఇది హీమాంకస్ అనే నట్ట పని. గొర్రె నాలుగో పొట్టలో ఉండి రక్తం పీలుస్తుంది, ఒక్కో నట్ట రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్లు. వినడానికి చిన్న లెక్కే, కానీ వెయ్యి నట్టలుంటే రోజూ 50 మిల్లీలీటర్ల రక్తం పోతున్నట్టు.

గొర్రెను మంచి వెలుతురులో నిలబెట్టి, ఒక బొటనవేలితో పై రెప్పను మూసి కంటిగుడ్డు మీద మెల్లగా నొక్కండి, రెండో బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర పొంగి బయటికి కనిపిస్తుంది. ఎర్రగా ఉంటే భయం లేదు. ఫమాచా కార్డు (కంటి పొర రంగును బట్టి రక్తహీనతను చెప్పే కార్డు) ఉంటే దాని పక్కన పెట్టి పోల్చండి, 1 నుంచి 5 వరకు ఉంటుంది. 4 గానీ 5 గానీ వస్తే, అంటే పొర తెల్లబడిపోతే, పనిచేసే మందు ఆ రోజే పడాలి. దయచేసి అలాంటి జీవానికి ఆకులు పెట్టి ఎదురుచూడకండి, మేత పనిచేయడానికి వారాలు పడుతుంది, దానికి అంత టైమ్ లేదు.

ఇంకో మాట. కార్జపు జలగ పట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. నత్తలుండే చిత్తడి నేలల్లో మేపుతుంటే పేడ పరీక్ష చేయించండి, జలగకు వగరు మేతను నమ్ముకోవద్దు.

మందు వేస్తే తేరుకుంటాయి, కొన్ని వారాలకే మళ్లీ అదే కథ

మందు వేసే రోజు పేడలో గుడ్లు లెక్క పెట్టించి, 10 నుంచి 14 రోజులకు మళ్లీ లెక్క పెట్టించండి. 95 శాతం కంటే తక్కువ తగ్గితే నట్టలు ఆ మందుకు అలవాటు పడ్డాయని అనుమానించాలి. బాగా తగ్గి తర్వాత మెల్లగా పెరిగితే తప్పు మందుది కాదు, బీడుది.

పేడలోని గుడ్లు వెచ్చగా, తేమగా ఉంటే వారం అటూ ఇటుగా గొర్రెకు సోకే పిల్ల నట్టలుగా మారి, గడ్డి మీది మంచు తడిని పట్టుకుని పైకి పాకుతాయి. చాలావరకు నేల నుంచి 5 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. మంద గడ్డిని నున్నగా కొరికేదాకా వదిలితే వాటిని ఏరి మింగించినట్టే, 10 సెంటీమీటర్ల ఎత్తు మిగలగానే మంద మార్చేయండి.

ఎత్తుగా పెరిగే మేత మొక్కలు ఇక్కడే ఉపయోగపడతాయి. సెరీసియా లెస్పెడెజా, సైన్‌ఫాయిన్ అనే పప్పుజాతి మేత మొక్కల ఆకు, తుమ్మ లాంటి చెట్ల ఆకు నమిలితే నాలుక పట్టేసినట్టుంటుంది కదా, ఆ వగరు టానిన్లదే, ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకుంటే అలా అనిపిస్తుంది. గొర్రె పొట్టలోనూ మాంసకృత్తులను అలాగే పట్టుకుని మొదటి పొట్టలో పాడవకుండా పేగు దాకా చేరుస్తాయి, దాంతో జీవానికి నట్టలను తట్టుకునే బలం వస్తుంది. నట్టల మీదా నేరుగా పనిచేసి గుడ్లను తగ్గిస్తాయి. షికోరీ అనే మేత మొక్కలో టానిన్లు తక్కువ, అక్కడ పని చేసేది చేదు.

వగరు మేత పెట్టినా గుడ్లు తగ్గలేదు

రోజుకు గుప్పెడు ఆకు వేస్తే తగ్గవు. మేతలో సగానికి తగ్గకుండా, వారాల తరబడి పెట్టాలి. సెరీసియా ఎండుగడ్డిగా కూడా పనిచేస్తుంది కాబట్టి దాచుకోవచ్చు, అయితే కొన్నిచోట్ల దాన్ని కలుపు మొక్కగా ప్రకటించారు, విత్తే ముందు కనుక్కోండి. నాలుగో పొట్టలో తగ్గినంతగా పేగులోని నట్టలు తగ్గకపోవచ్చు, కాబట్టి తోక కింద తడిసి పారుడు సాగుతుంటే పరీక్ష చేయించి మందు వేయాల్సిందే.

మేత తగ్గించాయి, ఉన్ని ఊడుతోంది

వగరు మరీ ఎక్కువైతే తినవు, తిన్నా అరగదు, మామూలు గడ్డి కలపండి. ఉన్ని ఊడటం సుబాబుల్ వల్ల కావచ్చు. అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది, మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు.

పేడలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు

బద్దెపురుగు. చూసి టెన్షన్ పడతారు గానీ సాధారణంగా పెద్ద నష్టం ఉండదు, దీని కోసం మేత మార్చక్కర్లేదు.

ఈనిన తల్లులు చిక్కిపోయాయి, పిల్లలు ఎదగవు

ఈనే సమయంలో తల్లికి నట్టలను అణిచే శక్తి తగ్గి పేడలో గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, ఆ బీడులోనే పిల్లలు మొదటి గడ్డి కొరుకుతాయి. వగరు మేత కొంచెమే ఉంటే మంద అంతటికీ పంచకండి, ఈనడానికి రెండు వారాల ముందు నుంచి పాలు మాన్పించే దాకా ఈ తల్లులకే ఉంచండి, పాలు మానిన పిల్లలను కొన్ని నెలలుగా మంద తొక్కని బీడులోకి తోలండి.