‘థ’ కడుపులో చుక్క

తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర సందులో ఉన్న పాత ప్రెస్సులో నేనూ, నా స్నేహితురాలూ నాలుగు ఆదివారాలు లెటర్‌ప్రెస్, అంటే అక్షరాలకు ఇంకు పూసి కాగితం మీద నొక్కే అచ్చుపని, నేర్చుకున్నాం. సీసం అక్షరాలను స్టిక్‌లో, అంటే చేతిలో పట్టుకునే చిన్న లోహపు పళ్లెంలో, తలకిందులుగా పేర్చడం రెండో వారానికే చేతికొచ్చింది. తిప్పలంతా అచ్చు దగ్గరే.

‘కథల సాయంత్రం’ అని ఒక ఆహ్వానం కంపోజ్ చేశాం. ‘సాయంత్రం’ నల్లగా పడింది, ‘కథల’ మాత్రం పాలిపోయింది. ఇంకు చాల్లేదనుకుని ఇంకాస్త పూశాం. ‘థ’ కడుపులో చుక్క పూడుకుపోయి అక్షరమంతా ముద్దయింది. నాకు ఒకటే టెన్షన్.

మాస్టారు వచ్చి చూసి, “ఇంకు తుడిచేయండమ్మా, తేడా ఎత్తులో ఉంది” అన్నారు. టైపు, అంటే సీసం అక్షరం, ఎత్తు 0.918 అంగుళం. అరిగిన అక్షరం అందులో వెంట్రుకవాసి తగ్గినా కాగితానికి సరిగా తగలదు. ముందు చేజ్ (అక్షరాలను పట్టి ఉంచే ఇనుప చట్రం) బిగింపు కొంచెం వదులు చేసి, అక్షరాల మీద చదునైన చెక్క పెట్టి సుత్తితో మెల్లగా తట్టాం. పైకి లేచినవి దిగాక మళ్లీ బిగించాం. అప్పటికీ ‘కథల’ పలచగానే ఉంది. సరిగ్గా ఆ పదం పడే చోట, అచ్చు కాగితానికి వెనక ఉండే అట్టల మధ్య టిష్యూ పేపరు ముక్క అంటించాం. దాన్ని కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. కత్తిరిస్తే ఆ అంచు అచ్చులో తెలిసిపోతుంది. ఒక ముక్క చాల్లేదు, రెండోది వేశాం.

ఐదో కాగితాన్ని నా స్నేహితురాలు కిటికీ వెలుతురుకు పట్టి, “చూడవే, చుక్క!” అంది. ఆ కాగితం ఇప్పుడు మా ఇంట్లో గోడకుంది.