మిర్గం ముంగట కారు బ్రేక్ ప్యాడ్లు ఇంటి దగ్గరనే మారుస్తరా, జర ఇవి చూస్కోండి

రోణి కార్తె నడుస్తుంది, ఇంకో పది పన్నెండు రోజులైతే మిర్గం. వానలు మొదలైనంక మన ములుగు రోడ్డు మీద ఏటూరునాగారం దిక్కు పోవుడంటే తెల్సిందే కదా, రోడ్డంత తడి, మూలమలుపు తిరగంగనే బర్లు అడ్డం వస్తయ్, లేకుంటే ముంగట ఇసుక లారీ టక్కున ఆగుతది. అప్పుడు బ్రేక్ పడకపోతే ఏం చేస్తం. అందుకే ప్యాడ్ల పని ఉంటే ఇప్పుడే ఒడగొట్టుకోండి.

బ్రేక్ కొట్టినప్పుడల్లా సన్నగ కీచుమని సప్పుడొస్తుందంటే ప్యాడ్ అరిగి దానికున్న చిన్న రేకు చక్రంతోటి తిరిగే డిస్కుకు తాకుతుందని అర్థం, చానా ప్యాడ్లకు ఆ రేకు కావాలనే పెడ్తరు. కర్రుమని గీకుతుంటే మాత్రం ఆల్రెడీ లేటైంది, ఇనుము ఇనుము రాసుకుంటుంది, డిస్క్ గూడ పోతది. కొత్త ప్యాడ్ మీద మసాలా (డిస్కును రాసుకొని బండిని ఆపే పొర) సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటది, 3కి వచ్చిందంటే మార్చుడే, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం అనుకోండి. ఇంకో మాట, ప్యాడ్లు అరిగిన కొద్ది బానెట్ కింద డబ్బల బ్రేక్ ఆయిల్ లెవల్ గూడ దిగుతది, అది చూసి పైనుంచి ఆయిల్ పోసి ఊకుంటే ఎట్ల.

ప్యాడ్ మార్చుడు అల్కటి పనే, పానాలు పట్టుడు వచ్చినోళ్లు రెండు గంటల్ల చేస్తరు. భయపడాల్సినయ్ రెండే: ఒకటి జాకీ మీద నిలబడ్డ బండి, రెండోది పని అయినంక మొదటిసారి తొక్కే పెడల్.

జాకీ సంగతి ముందు. స్టెప్నీ కాడ వచ్చే జాకీ బండిని లేపేటందుకే గని లేపి పట్టుకునేటందుకు కాదు. లేపిన బండి కింద ఆన్చే ఇనుప జాక్ స్టాండ్ కొనుక్కోండి, లేదంటే దోస్తుల దగ్గర అడుక్కోండి, సిమెంట్ ఇటుకలు మాత్రం పెట్టకండి, అవి పగిలే ముందు చెప్పి పగలయ్. ఈ ఎండలకు మధ్యాహ్నం తారు మెత్తగైతది, జాకీ అండ్ల దిగబడి ఒక పక్కకు ఒరుగుతది, వాకిట్ల షాబాద్ బండలుంటే జారుతది, మట్టి మీద అయితే అడగనే వద్దు, గట్టి సాపు నేల చూస్కొని కింద మందమైన కట్టెపలక ఏసి పొద్దుపొద్దున్నే ఎండ రాకముందు పని పెట్టుకోండి, అప్పటికి డిస్కులు గూడ సల్లగ ఉంటయ్. గేరుల పెట్టిన కదా అని ధీమాగ ఉండకండి. మన చిన్న కార్లు చానమట్టుకు ముందు చక్రాలు గుంజేవే, ఒక ముందు చక్రం గాల్లకు లేపినంక గేరు బండిని ఆపలేదు. హ్యాండ్ బ్రేక్ గట్టిగ గుంజి, ఎన్క చక్రాలకు రెండు దిక్కుల రాళ్లు పెట్టండి. చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసుకోవాలె, పైకి లేపినంక పానా మీద నిలబడి తొక్కితే బండి ఊగుతది. తీసిన చక్రం ఊకెనే పక్కకు పడెయ్యకుండ బండి కింద అడ్డం నూకండి, ఏదన్న జారితే బండి దాని మీద పడ్తది, మీ మీద కాదు.

విప్పినంక క్యాలిపర్ ను (ప్యాడ్లను పట్టుకొని ఉండే ఇనుప దిమ్మ) బ్రేక్ పైపుకు ఏలాడదీయకండి, బైండింగ్ వైరుతోటి సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. క్యాలిపర్ లోపట ప్యాడ్ ను డిస్కు మీదికి నూకే పిస్టన్ ను ఎనుకకు నూకే ముంగట ఆయిల్ డబ్బ మూత తీసి లెవల్ చూడాలె, నిండ ఉంటే సిరంజితోటి కొంచెం గుంజండి, పొంగి బయట పడితే పెయింట్ తింటది. ప్యాడ్లు అరిగి పేరుకున్న నల్లదుమ్ము నోటితోని ఊదుడు, కంప్రెసర్ గాలి కొట్టుడు వద్దు, మాస్కు పెట్టుకొని తడిబట్టతోటి తుడవండి. గ్రీజు క్యాలిపర్ జరిగే పిన్నులకే, ప్యాడ్ మసాలాకు, డిస్కుకు సుక్క గూడ అంటొద్దు. ఒక్క దిక్కే అరిగినా రెండు దిక్కుల మార్చాలె, లేకుంటే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకు గుంజుతది. పిస్టన్ రబ్బరు కాడ తడి కనిపిస్తే అక్కడికే ఆపి మెకానిక్ ను పిలవండి. ఎన్క డ్రమ్ముల లైనర్లు గూడ నేనైతే ముట్టుకోను, స్ప్రింగులు ఎగిరి కంట్ల పడ్తయ్.

ఇగ పెడల్. మొదటిసారి చేసినప్పుడు అంతా మంచిగ బిగించిన, మస్తు ఖుషీగ బండి స్టార్ట్ చేసి రివర్స్ ఏసిన, గేటు కాడ బ్రేక్ తొక్కితే పెడల్ సక్కగ నేలకు పోయింది. ఎన్క మా బామ్మర్ది నిలబడి రా రా అంటున్నడు. హ్యాండ్ బ్రేక్ గుంజేసరికి వాడు పక్కకు దునికిండు, బంపర్ వేపచెట్టుకు తగిలింది. ఇప్పటికీ పెండ్లిళ్లల్ల అదే కథ చెప్తడు. ఏమైందంటే పిస్టన్లు లోపలికి నూకినం కదా, ప్యాడ్లకు పిస్టన్ కు నడుమ ఖాళీ ఉంటది, ఆ ఖాళీ పోయేదాంక పెడల్ ఖాళీగనే పోతది. కాబట్టి కీ ముట్టుకోకముందే పెడల్ ను మెల్లగ పదిసార్లన్న తొక్కండి, రాయి లెక్క గట్టిగయ్యేదాంక. ఎన్నిసార్లు తొక్కినా స్పంజు లెక్కనే ఉంటే లోపట గాలి ఉన్నట్టు, అది తీసేదాంక బండి కదలొద్దు. ఆఖరికి ఆయిల్ లెవల్ మళ్లోసారి చూడండి, మూత మీద డాట్ 3, డాట్ 4 (ఇవి బ్రేక్ ఆయిల్ రకాలు) ఏది రాసి ఉంటే అదే పోయాలె.

కొత్త ప్యాడ్లు వెంటనే పూర్తిగ పట్టవు. ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 10 దాంక మెల్లగ తగ్గించుడు, కొంచెం దూరం పోయి సల్లబడనిచ్చుడు, మళ్ల తగ్గించుడు, ఇట్ల ఎనిమిది పదిసార్లు చేయండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడెన్ బ్రేకులు కొట్టే అవసరం రాకుండ ముంగటి బండికి దూరంగ పోండి.

హైదరాబాద్ రోడ్డు ఎక్కినోళ్లయితే జనగామ కాడ చాయ్ కి ఆగినప్పుడు డిక్కీల పానా తీసి నట్లు ఒకసారి బిగించి చూడండి, ఎదురెదురు వరుసల. అట్లనే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు, సెగ తెలుస్తది. ఒక ముందు చక్రం రెండోదాని కంటే బాగ కాలుతుంటే ఆ దిక్కు క్యాలిపర్ పట్టేసినట్టే, చాయ్ అయినంక అక్కడ్నే మెకానిక్ ను ఎతుక్కోవాలె.