పగిలిన మడమలకు తేనెమైనం మలాం

రొయ్యల గుంతల్లో, ఉప్పు కొఠార్లలో, నాట్ల బురదలో పొద్దంతా కాళ్లు నానేవాళ్లకు మడమలు పగలడం మామూలే. తేనెమైనం, నూనె కలిపి కాచుకున్న మలాం ఆ పగుళ్లకు చాలు. చిక్కంతా పాళ్ల దగ్గరే వస్తుంది. 100 గ్రాముల నూనెకు 20 గ్రాముల మైనం చలికాలానికి సరిపోతుంది. అదే డబ్బీ నెల్లూరు ఎండల్లో జావగారిపోతుంది. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా 28, 30 గ్రాములు వేయాల్సిందే. చెంచా లెక్క కుదరదు, తూకం వేయండి.

నువ్వుల నూనే మేలు. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి, చలికాలం తెల్లవారితే మలాం గట్టిపడి వేలికి రాదు.

మైనం నల్లమల వైపు నుంచి తేనె తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. కొవ్వొత్తులు కరిగించి వాడొద్దు, వాటిలో రంగు, సెంటు ఉండొచ్చు. తేనె పిండేసిన పట్టు దొరికితే నీళ్లలో మరిగించి, పలుచటి బట్టలో వడకట్టి, కదపకుండా చల్లారనివ్వాలి. మైనం పైకి తేలి బిళ్లకడుతుంది. దాని అడుగున అంటిన మడ్డి గీకేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టండి.

తడి మిగిలితే అంతా వృథా. ఇందులో నిల్వ మందేమీ వేయం కాబట్టి నీటిచుక్క ఉన్నచోట బూజు పడుతుంది. పచ్చి వేపాకు వేసి కాచిన మలాం పాడయ్యేది అందుకే. వేయాలనుకుంటే ఆకు గలగలలాడేదాకా నీడన ఎండాలి.

మైనాన్ని సన్నగా తురిమి, నూనెతో కలిపి చిన్న గిన్నెలో వేసి, దాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నేరుగా మంట మీద పెడితే నూనె మాడుతుంది, మైనం అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, నీళ్లు తెర్లక్కర్లేదు. అంతా తేటగా అయ్యాక ఒక చుక్క చల్లటి స్టీలు చెంచా మీద వేసి చూడండి. జారితే మరో 2 గ్రాముల మైనం, గోరు దిగనంత బిగిస్తే చెంచాడు నూనె కలిపి మళ్లీ కరిగించాలి. కరిగిన మైనంలో చల్లటి నూనె పోస్తే ఉండలు కడుతుంది, మళ్లీ వేడిచేస్తే కలిసిపోతుంది.

పొడి డబ్బీలో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడిమీద మూస్తే మూతకు చెమ్మ పట్టి లోపలికి కారుతుంది.

మలాం తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. అందుకే రాత్రి పూట గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కాళ్లు నానబెట్టి, తుడిచిన వెంటనే పట్టించి నూలు మేజోళ్లు వేసుకోవాలి. మొదటిసారి మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు చూడండి, దురద పుడితే మానేయాలి. పగుళ్లలో నెత్తురు, చీము కనిపించినా, చక్కెర జబ్బు ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి.