హైదరాబాద్‌లో వారాంతపు వేడుకలు, కచేరీలు, ప్రదర్శనల ఆచూకీ తెలుసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో శని, ఆదివారాల్లో జరిగే మంచి కార్యక్రమాల్లో చాలావాటికి టికెట్టు ఉండదు. టికెట్టు లేని కార్యక్రమానికి ప్రచారం కూడా అంతంతమాత్రమే. అందువల్ల బుక్‌మైషో వంటి యాప్‌లనే నమ్ముకున్నవారికి హాస్య ప్రదర్శనలు, బ్యాండ్లు, పెద్ద మైదానాల్లో సినీ సంగీత విభావరులు కనిపిస్తాయి గానీ, అదే సాయంత్రం చిక్కడపల్లిలో జరిగే గాత్ర కచేరీ కనిపించదు. కార్యక్రమాలను వెతకడం కన్నా వేదికలను కనిపెట్టుకుని ఉండడమే దీనికి సరైన ఉపాయం.

1. ముందుగా వేదికల జాబితా రాసుకోండి

టాగోర్ శతజయంతి సందర్భంగా నిర్మించిన రవీంద్రభారతి ఈ జాబితాలో మొదట ఉండాలి. అక్కడి ప్రధాన మందిరంతో పాటు పైడి జయరాజ్ ప్రివ్యూ థియేటర్‌ను కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే చిన్న చిత్రాల ప్రదర్శనలు, చర్చలు ఎక్కువగా అందులోనే జరుగుతాయి. చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభలో సంగీతం, నాటకం, పుస్తకావిష్కరణ, ఏదో ఒకటి తరచుగా ఉంటూనే ఉంటుంది. మాదాపూర్ శిల్పారామంలో ప్రవేశ రుసుము చెల్లించి లోపలికి వెళ్తే, వారాంతపు సాయంత్రాల్లో శాస్త్రీయ నృత్య ప్రదర్శనలు చూడవచ్చు. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ నాటకాలకు, కవితా గోష్ఠులకు, డాక్యుమెంటరీలకు పేరు పొందింది. చవకగా చాయ్, సమోసా దొరికే అక్కడి క్యాంటీన్ కోసమే వెళ్లేవారూ ఉన్నారు.

చిత్రకళపై ఆసక్తి ఉన్నవారు మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీని, బంజారాహిల్స్‌లోని కళాకృతిని చేర్చుకోవచ్చు. చిత్రాల ప్రదర్శన సాధారణంగా కొన్ని రోజుల పాటు ఉంటుంది కనుక తొందర లేదు. అయితే ప్రారంభ సాయంత్రం వెళ్తే చిత్రకారులతో మాట్లాడే వీలు దొరుకుతుంది.

2. గురువారం నాటికి సమాచారం సేకరించండి

దినపత్రికల నగర సంచికల్లో ఆ రోజు జరిగే సభలు, కచేరీల వివరాలు ఒక మూల చిన్న అక్షరాలతో వస్తాయి. అయితే ఆ వార్త చాలాసార్లు అదే రోజు ఉదయం వస్తుంది కనుక, ముందుగా ఏర్పాట్లు చేసుకోవాలంటే వేదికల వెబ్‌సైట్లు, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు చూడాలి. వీటిలోనూ దొరకకపోతే, అటుగా వెళ్లినప్పుడు గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలు చదవడం ఉత్తమం. వినడానికి పాతకాలపు పద్ధతిలా ఉన్నా, ఏ యాప్‌లోనూ చేరని కార్యక్రమాలు అక్కడే తెలుస్తాయి.

3. ఆహ్వాన పత్రికను చదవడం నేర్చుకోండి

మన సభల ఆహ్వాన పత్రికలో రాసినదాని కన్నా దాగినదే ఎక్కువ. ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటే ప్రవేశం ఉచితమని అర్థం. ‘పాసులు ఉన్నవారికి మాత్రమే’ అని ఉంటే నిర్వాహకులకు ముందే ఫోన్ చేయాలి. ఆ తరువాత సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అన్న వరుసలో ఎందరి పేర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. పత్రికపై సాయంత్రం ఆరు గంటలని ఉన్నా, జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు పూర్తయితే గానీ తంబూరా శ్రుతి వినిపించదు. అతిథుల పేర్లు ఏడెనిమిది దాటి, గాయకుల పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే అది ప్రధానంగా సన్మాన సభే. కళాకారుల పేరు పైన ఉండి, వయొలిన్, మృదంగ సహకారం అందించేవారి పేర్లు కూడా విడిగా వేసి ఉంటే నమ్మి వెళ్లవచ్చు, వేళకు చేరుకోవాల్సిందీ ఇలాంటివాటికే.

4. పండుగల కోసం పంచాంగం చూడండి

నగరంలోని పెద్ద వేడుకలు మూడు లెక్కల ప్రకారం నడుస్తాయి. నాంపల్లిలో జరిగే పారిశ్రామిక ప్రదర్శన నుమాయిష్ ఇంగ్లీషు తేదీలను అనుసరించి సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఉంటుంది. రంజాన్ నెలవంకను బట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. బోనాలు ఆషాఢ మాసాన్ని బట్టి, బతుకమ్మ తిథులను బట్టి వస్తాయి.

వారాంతం మాత్రమే ఖాళీ ఉన్నవారికి వీటిలో బోనాలంత అనువైన పండుగ లేదు. ఆషాఢంలో గోల్కొండ జగదాంబ అమ్మవారి గుడి దగ్గర మొదలై, ఒక ఆదివారం సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి ఆలయంలో, మరొక ఆదివారం లాల్‌దర్వాజ సింహవాహినీ ఆలయంలో జాతర జరుగుతుంది. వేపాకులు చుట్టి, పైన దీపం వెలిగించిన బోనం కుండలను నెత్తిన పెట్టుకుని మహిళలు వస్తుంటే, అమ్మవారి తమ్ముడిగా భావించే, పసుపు పూసుకున్న పోతరాజు కొరడా ఝళిపిస్తూ డప్పుల వెంట ఆడతాడు. సికింద్రాబాద్‌లో భవిష్యవాణి వినిపించే రంగం మరునాడు, అంటే సోమవారం జరుగుతుంది కనుక, అది చూడాలనుకునేవారు ముందే సెలవు పెట్టుకోవాలి. పోలీసులు ప్రకటించే ట్రాఫిక్ మళ్లింపులను చదవకుండా కారులో బయలుదేరడం మాత్రం మంచిది కాదు.

5. తిండికి కాలాన్ని ఎంచుకోండి

‘ఫుడ్ ఫెస్టివల్’ అన్న బోర్డు ఉన్న ప్రతిచోటా కొత్త రుచి దొరుకుతుందని ఆశించకండి. చాలాచోట్ల అవే మోమోలు, అవే ఐస్‌క్రీములు ఉంటాయి. రంజాన్ మాసంలో హోటళ్ల ముందు భట్టీలు వెలిసి, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం వేడివేడిగా దొరికే సాయంత్రాలకు అవి సాటి రావు. ఉపవాస విరమణ సమయంలో రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక ఆ తరువాత కొంతసేపు ఆగి వెళ్లడం మర్యాద కూడా, సౌకర్యం కూడా.

6. ప్రయాణం, ఆ తరువాత

రవీంద్రభారతికి అసెంబ్లీ లేదా లక్డీకాపూల్, గానసభకు చిక్కడపల్లి, శిల్పారామానికి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లు దగ్గర. తిరుగు ప్రయాణానికి చివరి రైలు వేళ ముందే చూసుకోండి.

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖపట్నంలో కళాభారతి, తిరుపతిలో మహతి ఆడిటోరియం మొదటి మజిలీలుగా పెట్టుకుంటే అక్కడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

కార్యక్రమం నచ్చితే వెంటనే వెళ్లిపోకుండా, నిర్వాహకులను పలకరించి, వారి వాట్సాప్ గ్రూపులో మీ నంబరు చేర్చమని అడగండి. శ్రోతలు రావడమే పదివేలనుకునే సభలవారు సంతోషంగా చేర్చుకుంటారు, తరువాతి కచేరీ ఆహ్వాన పత్రిక నేరుగా మీ ఫోనుకే వస్తుంది.