డీజిల్ ఇంజిన్ పొగ - 5వ పాఠం: తెల్ల పొగ

ముందు గత పాఠానికి ఒక దిద్దుబాటు. ఏ సిలిండరులో డీజిల్ సరిగా మండడం లేదో కనిపెట్టడానికి, ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి చూడమని గత పాఠంలో రాశాను. అది పాత పంపు ఇంజిన్లకే వర్తిస్తుందని మాత్రం రాయలేదు. చేతికి అలవాటైన పని కావడం వల్ల, చెప్పవలసిన అవసరం ఉందని నాకు తోచలేదు. బెంగళూరులో పీణ్య నుంచి ఇద్దరు, హొసూరు రోడ్డు నుంచి ఒకరు కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే) బండి మీదనే స్పానరు వేశామని తెలియజేశారు. ముగ్గురూ దెబ్బ తగలకుండా బయటపడ్డారు.

పాత పంపు ఇంజిన్లో పైపులోని ఒత్తిడి, ఇంజెక్టరు కొట్టిన ప్రతిసారీ క్షణకాలం లేచి పడిపోతుంది. కామన్ రైల్లో అది ఎడతెగకుండా నిలిచి ఉంటుంది. స్లోలోనే వందల బార్లు, లోడు మీద 1,600 బార్లు, కొన్నింటిలో అంతకు మించి. లారీ టైరులోని గాలి 8 బార్లకు అటూ ఇటుగా ఉంటుందని గుర్తు చేసుకుంటే తేడా అర్థమవుతుంది. వదులైన నట్టు సందులోంచి దూకే సన్నని ధార చేతి తొడుగును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనిపించి, మొదట్లో పెద్దగా నొప్పి లేకపోయినా, వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలే తీసేయవలసి రావచ్చు. హెడ్డు పక్కన ఒక లావుపాటి గొట్టం ఉండి, దాని నుంచి ప్రతి ఇంజెక్టరుకూ సన్న పైపు పోతూ, ఇంజెక్టరు తలపై కరెంటు కనెక్టరు ఉంటే అది కామన్ రైలే. అక్కడ సిలిండరును స్కానరుతోనే (ఇంజిన్ కంప్యూటరుకు కలిపే పరికరంతో) ఆపి చూడాలి.

ఇక తెల్ల పొగ. బెంగళూరులో జనవరి తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, మంచి ఇంజిన్ సైలెన్సరు కూడా కాసేపు ఆవిరి వదులుతుంది. దానికి రిపేరు అక్కర్లేదు. అనుమానం ఉంటే తెల్ల కాగితాన్ని సైలెన్సరుకు జానెడు దూరంలో అర నిమిషం పట్టుకుని, ఆరబెట్టి చూడండి. జిడ్డు మరక మిగిలితే అది మండని డీజిల్. కళ్లు మండడం కూడా దానికి గుర్తే. కాగితం జిడ్డు లేకుండా ఆరితే నీరు.

డీజిల్ పొగ చలి స్టార్టులోనే వచ్చి, ఇంజిన్ వేడెక్కగానే పోతే ముందు గ్లో ప్లగ్గులు (చల్లని సిలిండరును స్టార్టుకు వేడిచేసే ప్లగ్గులు) చూడాలి. వాటి తీగలు విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కు కలిపి, రెండో కొసను ఒక్కొక్క ప్లగ్గుకు తాకించండి. ల్యాంపు వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. మీటరు కన్నా నాకు ల్యాంపే ఇష్టం, నూనె చేతులతోనూ పని జరుగుతుంది. వేడెక్కినా పొగ పోకపోతే కంప్రెషన్, టైమింగు, కారుతున్న ఇంజెక్టర్ నాజిల్ వరుసగా చూడాలి.

నీరే అయి, ఇంజిన్ వేడెక్కినా పొగ ఆగకపోతే, హెడ్డు విప్పడానికి తొందరపడవద్దు. ఒక టెంపోకు వేరే షాపులో హెడ్ గాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) మార్చిన తరువాత కూడా పొగ తగ్గక నా దగ్గరికి వచ్చింది. చిల్లు పడింది ఈజీఆర్ కూలరుకు (ఇంజిన్లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగానికి). దానిలోని కూలెంట్ నేరుగా పొగగొట్టంలోకి పోతుంటే, కొత్త గాస్కెట్ ఏం చేస్తుంది? చల్లని ఇంజిన్ స్టార్టు చేసిన వెంటనే రేడియేటరు హోసు గట్టిపడితే గాస్కెట్‌ను అనుమానించండి.

అభ్యాసంగా ఒకే బండిని ఏడు రోజులు, ఉదయం మొదటి స్టార్టుకు ముందు కూలెంట్ మట్టం గుర్తు పెట్టి, పొగ ఎన్ని సెకన్లు వచ్చిందో, కాగితం మీద ఏం మిగిలిందో రాయండి. రేడియేటరు మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి.