పింఛను వినతిపత్రం బుట్టదాఖలు కాకుండా: శ్రీకాకుళం, విజయనగరం టీచర్లకు

సెప్టెంబరు 1 వచ్చిందంటే రెండు కలెక్టరేట్ల ముందూ నల్ల బ్యాడ్జీలు, టెంట్లు, మైకులు. 2004లో ఆ తేదీ నుంచే సీపీఎస్, అంటే నెలనెలా జీతంలో కోసి పోగేసే చందా పింఛను పథకం, మొదలైంది కాబట్టి సంఘాలు దాన్ని పింఛను విద్రోహ దినం అంటాయి. ధర్నా అయ్యాక నలుగురు లోపలికెళ్లి ఓ కాగితం ఇచ్చి, ఫొటో దిగి వస్తారు. ఆ కాగితంలో తరచూ ఒకటే వాక్యం: ‘సీపీఎస్ రద్దుచేసి పాత పింఛను పునరుద్ధరించవలెను.’ నినాదంగా అది సరిపోతుంది. ఫైలుగా నడవదు. ఎవరికి, ఏ ఉత్తర్వులో, ఏ మార్పు కావాలో అందులో లేదు కాబట్టి ‘పైకి పంపడమైనది’ అనే ముద్రతో దాని ప్రయాణం ముగుస్తుంది. ఫైలుగా నడిచే కాగితం ఎలా ఉండాలో ఇక్కడ రాస్తున్నాం.

ముందు మీరు ఏ గుంపులో ఉన్నారో తేల్చుకోండి. 1-9-2004కు ముందే నియామకమైనవారికి 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సు వర్తిస్తాయి, అంటే పాత పింఛనే. వాళ్లది పేచీ లేని గుంపు. నోటిఫికేషన్ ఆ తేదీకి ముందే వచ్చి, ఉద్యోగంలో చేరింది మాత్రం తర్వాత అయితే రెండో గుంపు. మన దగ్గర డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)-2003 టీచర్లంటే వీళ్లే. 2006, 2008, 2012, 2014, 2018 డీఎస్సీలు, మొన్నటి 2025 మెగా డీఎస్సీ మూడో గుంపు. రెండో గుంపు అడగాల్సింది ‘మాకు పాత పింఛను ఎంచుకునే ఆప్షన్ ఇవ్వండి’ అని, మూడో గుంపు అడగాల్సింది ‘పథకమే మార్చండి’ అని. ఈ రెండూ ఒకే కాగితంలో కలిపితే చిన్నది పెద్దదాని కింద నలిగిపోతుంది. సంఘం ఐక్యత బ్యానర్ మీద చూపించుకోండి. వినతిపత్రాలు మాత్రం వేర్వేరుగా ఇవ్వండి.

తర్వాత చూడాల్సింది, మీరు మార్చమంటున్నది జీవోనా, చట్టమా అన్నది. రాష్ట్రంలో సీపీఎస్ ఏ చట్టం ద్వారానూ రాలేదు. 22-9-2004న ఆర్థిక శాఖ ఇచ్చిన 653, 654, 655 నంబర్ల జీవోలతో వచ్చింది. రాజ్యాంగం 309వ అధికరణ కింద చేసిన రూల్సును మళ్లీ రూల్సుతోనే సవరించవచ్చు. కాబట్టి డీఎస్సీ-2003 వాళ్లకు ఆప్షన్ ఇవ్వడానికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, మంత్రివర్గ నిర్ణయం, ఒక జీవో చాలు. ఈ మాట వినతిపత్రంలో స్పష్టంగా రాయండి. ‘చట్టం చేయాలి, టైం పడుతుంది’ అనే జవాబుకు ముందే అడ్డుకట్ట పడుతుంది.

గ్యారంటీడ్ పెన్షన్ సంగతి వేరు. ఆఖరి బేసిక్‌లో 50 శాతం పింఛను, జీవిత భాగస్వామికి అందులో 60 శాతం అంటూ 2023 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన బిల్లు అది. దాన్ని రద్దుచేయాలన్నా, అందులో అంకె మార్చాలన్నా మళ్లీ సభకే వెళ్లాలి. పైగా ఖజానా మీద భారం వేసే బిల్లును గవర్నరు సిఫారసు లేనిదే సభ ఆమోదించడానికి 207వ అధికరణ ఒప్పుకోదు. అందుకే మంత్రికాని సభ్యుడెవరైనా ‘పాత పింఛను బిల్లు ప్రైవేటుగా పెడతాను’ అంటే చప్పట్లు కొట్టండి, నమ్మకం మాత్రం పెట్టుకోకండి.

మరో గట్టి తలుపు ఉంది. ప్రాన్ ఖాతాలో, అంటే సీపీఎస్ ఉద్యోగి పేరిట ఉండే పింఛను ఖాతాలో, జమైన డబ్బు పింఛను నిధుల నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్డీఏ అజమాయిషీలో, కేంద్రం 2013లో చేసిన చట్టం కింద ఉంటుంది. రాష్ట్రాల పింఛన్లు ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 42వ అంశం, కాబట్టి పింఛను ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం చేతిలోదే. జమైన మూలధనం వెనక్కి రావడం మాత్రం రాష్ట్రం చేతిలో లేదు. 2022లో పాత పింఛనుకు మళ్లిన రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లకు తలనొప్పి అక్కడే వచ్చింది.

డీఎస్సీ-2003 వాళ్ల విషయంలో కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే గెలిచే వీలు ఎక్కువున్న కేసు ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. అందరూ కేంద్ర పింఛను శాఖ 3-3-2023న ఇచ్చిన మెమోను జతచేస్తారు. 22-12-2003కు ముందు ప్రకటించిన పోస్టుల్లో తర్వాత చేరినవారికి పాత పింఛనుకు ఒక్కసారి ఆప్షన్ ఇచ్చిన మెమో అది. ‘దీని ప్రకారం మాకు వర్తింపజేయండి’ అని రాస్తే, ‘ఇది కేంద్ర ఉద్యోగులకు సంబంధించినది’ అని ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. ఆ జవాబులో తప్పు పట్టడానికీ లేదు. ఆ మెమోను ఆజ్ఞగా కాదు, నమూనాగా చూపించాలి. కేంద్రం 22-12-2003 తేదీని ఎందుకు ఎంచుకుంది? ఎన్‌పీఎస్ (సీపీఎస్ లాంటి కేంద్ర పథకం) నోటిఫై అయిన రోజు అది కాబట్టి. అదే తర్కం మన రాష్ట్రానికి అన్వయిస్తే 653 జీవో వెలువడిన 22-9-2004 అవుతుంది. డీఎస్సీ-2003 నోటిఫికేషన్ దానికి ముందు సంవత్సరపుది. ఈ పేరా ఇలా ఉండొచ్చు:

‘మా పోస్టులకు ప్రకటన 2003లో వెలువడినది. ఆనాడు అమలులో ఉన్నది 1980 పెన్షన్ రూల్సు మాత్రమే. నియామకంలో జాప్యమునకు అభ్యర్థులు కారకులు కారు. కేంద్ర ప్రభుత్వం ఇటువంటి వారికి తేది 3-3-2023 మెమో ద్వారా ఒకసారి ఆప్షన్ ఇచ్చియున్నది. అదే సూత్రమును అనుసరించి, జీవో 653 వెలువడిన 22-9-2004కు ముందు ప్రకటించిన పోస్టులలో నియమితులైన వారికి ఆప్షన్ ఇస్తూ ఆ ఉత్తర్వులను సవరించ ప్రార్థన. మా చందా భవిష్యనిధి అయిన జీపీఎఫ్‌కు, ప్రభుత్వ వాటా ఖజానాకు మళ్లించుటకు మాకు అభ్యంతరం లేదు.’

చివరి వాక్యం వదిలేయకండి. కేంద్ర మెమోలో ఉన్న ఏర్పాటే అది. అది లేకపోతే, వీళ్లు పాత పింఛనూ కావాలంటున్నారు, ప్రాన్ సొమ్మూ కావాలంటున్నారు అనుకుంటారు.

జతపరచాల్సినవి నాలుగే: నోటిఫికేషన్ నకలు, సెలెక్షన్ లిస్టులో మీ పేరున్న పేజీ, నియామక ఉత్తర్వు, ఎస్‌ఆర్‌లో (సర్వీసు రిజిస్టరులో) చేరిన తేదీ ఉన్న పేజీ. ఎస్‌ఆర్ పేజీని జిరాక్సు తీసే ముందు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. చేరిన తేదీ పక్కన పూర్వాహ్నమో అపరాహ్నమో ఉండాలి, డీడీవో (జీతాల బిల్లు పెట్టే అధికారి) సంతకం కింద హోదా ముద్ర ఉండాలి, ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. నియామక ఉత్తర్వులో ఒక స్పెల్లింగు, ప్రాన్‌లో ఒకటి, ఎస్‌ఆర్‌లో ఇంకొకటి ఉన్నవాళ్లు బోలెడు మంది. తేడా ఉంటే ఇప్పుడే డీడీవోతో సరిచేయించి, దిద్దిన చోట సంతకం పెట్టించండి. రిటైర్మెంటు రోజుల్లో ఇదే తేడా నెలలు తినేస్తుంది.

ఇక లెక్కలు. మీటింగుల్లో వినిపించే ‘జీతంలో సగం పింఛను’ అందరికీ రాదు. పాత రూల్సులో పూర్తి సగం రావాలంటే 33 ఏళ్ల సర్వీసు, అంటే 66 అర్ధ సంవత్సరాలు ఉండాలి. వయసు మీరాక ఉద్యోగం వచ్చినవాళ్లకు 62 ఏళ్లకు రిటైరైనా అంత సర్వీసు ఉండదు. ఉదాహరణకు ఆఖరి బేసిక్ 90,000, సర్వీసు 27 ఏళ్లు అనుకోండి. సగం 45,000. దాన్ని 54తో గుణించి 66తో భాగిస్తే, వెయిటేజీ (అదనంగా కలిపే సర్వీసు) ఏదీ కలపకుండా, 36,818 రూపాయలు. మీ కాగితంలో 45,000 అని రాస్తే ఆర్థిక శాఖలో ఎవరైనా క్యాలిక్యులేటర్ తీసిన నిమిషంలో మీ మిగతా మాటల విలువా పోతుంది.

అదే మనిషికి సీపీఎస్‌లో 60 లక్షలు పోగయ్యాయనుకుందాం. 40 శాతం, అంటే 24 లక్షలు యాన్యుటీకి, అంటే నెలనెలా పింఛనిచ్చే బీమా పథకానికి, పోతాయి. 6 శాతం చొప్పున నెలకు 12,000. ఇక్కడ చాలామంది ‘36,818 ఎక్కడ, 12,000 ఎక్కడ’ అని ఆపేస్తారు. అవతలివాడు వెంటనే అడుగుతాడు: చేతికొచ్చిన 36 లక్షల మాటేమిటని. అదీ 6 శాతానికి వేస్తే నెలకు 18,000, మొత్తం 30,000. కాబట్టి ఆ పోలిక మీద నిలబడొద్దు. అసలు తేడా పింఛనుపై ఇచ్చే కరువు భత్యం, అంటే డీఆర్‌లో ఉంది. ఏడాదికి 4 శాతం చొప్పున డీఆర్ పెరిగిందనుకుంటే 36,818 పదేళ్లలో 51 వేలు దాటుతుంది. 30,000 మాత్రం 30,000 దగ్గరే ఉంటుంది. పైగా పాత పద్ధతిలో నెలనెలా 10 శాతం సీపీఎస్ కోత ఉండదు. ఈ రెండు మాటలూ చెబితే చాలు, ఎవరూ కొట్టిపారేయలేరు.

మీ ప్రాన్ స్టేట్‌మెంటు కూడా తీసి చూడండి. బేసిక్ 60,000, డీఏ 30 శాతం అనుకుంటే మీ 10 శాతం 7,800, ప్రభుత్వ వాటా అంతే, నెలకు 15,600 పడాలి. పే స్లిప్పులో కోత ఉండి స్టేట్‌మెంటులో జమ లేని నెలలు ఏవైనా ఉన్నాయేమో వరుసగా టిక్కు పెట్టుకుంటూ పోండి. ప్రాన్ నంబరు రాకముందు కోసిన నెలలు, బదిలీ అయి డీడీవో మారిన నెలలు, డీఏ బకాయిల బిల్లులు, ఈ మూడు చోట్లే ఎక్కువగా ఖాళీలు కనబడతాయి. 15,600 జమ కాని ఒక్క నెల 20 ఏళ్లలో, 9 శాతం రాబడి లెక్కన, 87 వేలకు పైగా నష్టం. ఇది విధాన సమస్య కాదు. ట్రెజరీ వోచరు నంబరు, తేదీ, పే స్లిప్పు జతచేసి డీడీవో ద్వారా సబ్ ట్రెజరీకి రాస్తే జిల్లాలోనే తేలాల్సిన పని. దీన్ని సీపీఎస్ రద్దు వినతిలో ఇరికించకండి.

డీఎస్సీ-2003 కేసులో ప్రభుత్వం వేసే మొదటి ప్రశ్న ‘ఎంతమంది?’ వాట్సాప్‌లో తిరిగే అంకె పనికిరాదు. జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో సమాచార హక్కు కింద అడగండి. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5. ‘డీఎస్సీ-2003 ద్వారా నియమితులై నేటికి సర్వీసులో ఉన్నవారి సంఖ్య, క్యాడర్‌వారీగా, యాజమాన్యాలవారీగా’ అన్నంత వరకే రాయండి. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని ఆ చట్టంలోని 8(1)(జె) సెక్షన్ చూపిస్తారు. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడిగితే అది సమాచారం కాదంటారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

మన ప్రాంతంలో ఇక్కడో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాత శ్రీకాకుళం జిల్లా పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని మండలాలు పార్వతీపురం మన్యానికి పోయాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. 2003లో శ్రీకాకుళం జిల్లా అభ్యర్థులుగా ఎంపికైనవాళ్లు నేడు మూడు జిల్లాల్లో ఉన్నారు. ఒక్క శ్రీకాకుళంలో అర్జీ పెడితే అంకె తక్కువ వస్తుంది. మూడు చోట్లా ఒకే తేదీన, ఒకే మాటలతో పెట్టి కలపాలి.

ఎవరికి ఇవ్వాలి? సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌లో ఇస్తే రసీదు వస్తుంది, అంతే. విధాన నిర్ణయం కలెక్టరు చేతిలో లేదు కాబట్టి అర్జీ మూసేస్తారు. రసీదు తేదీ కోసం ఇవ్వండి, ఆశ కోసం కాదు. పని జరిగే చోటు ఎమ్మెల్సీ దగ్గర. శ్రీకాకుళం-విజయనగరం-విశాఖపట్నం ఉపాధ్యాయ స్థానం నుంచి 2025 మార్చిలో గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. అయితే ఆ ఓటు హైస్కూలు స్థాయికి తగ్గని సంస్థల్లో మూడేళ్లు పనిచేసినవారికే. ప్రాథమిక పాఠశాల సెకండరీ గ్రేడ్ టీచరుకు, అంటే ఎస్‌జీటీకి, ఓటే లేదు. కాబట్టి ఎస్‌జీటీలు తమకు డిగ్రీ ఓటు ఉంటే పట్టభద్రుల ఎమ్మెల్సీనీ, తమ ఎమ్మెల్యేనీ కూడా పట్టుకోవాలి. ఏ సభ్యుడికైనా పది పేజీలిస్తే చదవడు. ఒక పేజీ, దాని వెనక సభలో అడగడానికి సిద్ధంగా రాసిన రెండు ప్రశ్నలు ఇవ్వండి: ‘22-9-2004కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరి సీపీఎస్‌లో ఉన్న టీచర్లెందరు? వారికి ఆప్షన్ ఇస్తే ఏటా పడే అదనపు భారమెంత?’ మంత్రి సభలో చెప్పిన అంకె రికార్డులోకి ఎక్కుతుంది, రేపు కోర్టులోనైనా దాన్ని ఎత్తి చూపొచ్చు.

చర్చల్లో తప్పక వచ్చే అడ్డు ఒకటుంది: రాష్ట్రాలన్నీ పాత పింఛనుకు మళ్లితే మొత్తం భారం ఎన్‌పీఎస్‌కంటే 4.5 రెట్ల దాకా పోవచ్చని 2023 సెప్టెంబరు రిజర్వు బ్యాంకు బులెటిన్‌లో వచ్చిన అంచనా. దాన్ని అబద్ధమని కొట్టేయడం తెలివితక్కువ పని. అది అందరినీ మళ్లిస్తే అయ్యే లెక్క. డీఎస్సీ-2003 అలా కాదు, ఇక కొత్తగా ఒక్కరూ చేరని గుంపు, ఏటేటా తగ్గే గుంపు. మూడో గుంపు వాళ్లయితే కేంద్రం 1-4-2025 నుంచి తెచ్చిన ఏకీకృత పింఛను పథకం యూపీఎస్‌ను చూపించాలి: 25 ఏళ్ల సర్వీసుకు, ఆఖరి 12 నెలల బేసిక్ సగటులో సగం, దానిపై డీఆర్. కేంద్రమే హామీ పింఛను వైపు అడుగేశాక, హామీ అన్నదే దివాలా అనే వాదన నిలవదు. ‘పింఛను దయాదాక్షిణ్యం కాదు, హక్కు’ అన్న సుప్రీంకోర్టు నకారా తీర్పును, 17-12-1982 నాటిది, ఒక్క వాక్యంలో ప్రస్తావించండి. ఆ తీర్పు పింఛనుదార్లను తేదీ గీసి విడదీయడం గురించి. సీపీఎస్ చెల్లదని అది చెప్పినట్టు రాస్తే అవతలి న్యాయవాది పని సులువవుతుంది.